టెన్నిస్ రాకెట్టు: చట్రమూ, తీగెల బిగువూ

తంబురా తీగెను బిగిస్తే శ్రుతి పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. సంగీతం వినే అలవాటు గల వారందరికీ ఇది తెలిసిన సంగతే. టెన్నిస్ రాకెట్టుకు కూడా తీగెలున్నాయి. వాటి బిగువుకు కూడా ఒక లెక్క ఉన్నది. అయితే ఆ లెక్క చాలామంది అనుకునే దానికి సరిగ్గా తలక్రిందులు. తీగెలు ఎంత బిగువుగా ఉంటే బంతి అంత వేగంగా పోతుందని సామాన్యంగా ఒక నమ్మకం. ఆ నమ్మకంతోనే కొడుక్కో, కూతురికో రాకెట్టు కొనిపెట్టే తండ్రి, గట్టింగు చేసే అతనితో "బాగా బిగించి ఇవ్వవయ్యా" అని చెప్పి వస్తాడు. కొన్ని నెలలు ఆడిన తరువాత ఆ బిడ్డ మోచేయి నొప్పి అంటే, ఆ నొప్పికీ ఆ బిగువుకూ సంబంధం ఉండవచ్చునని ఎవరికీ తోచదు. ఆ సంబంధం ఏమిటో, రాకెట్టు నిర్మాణం ఆటను ఏ విధంగా మారుస్తూ వచ్చిందో ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

రాకెట్టును గురించి తెలుసుకోవాలంటే ముందు బంతిని గురించి తెలుసుకోవాలి. టెన్నిస్ బంతి అంటే గాలి నిండిన రబ్బరు గోళం. పైన ఉన్ని, నైలాను కలిపిన మెత్తని బట్ట అంటించి ఉంటుంది. దాని బరువు 56 గ్రాములకు తగ్గరాదు, 59.4 గ్రాములకు మించరాదు. బంతి ఎంత ఎగరాలో కూడా నిబంధనలలో ఉన్నది. 254 సెంటీమీటర్ల ఎత్తునుండి గట్టి నేలమీద వదిలితే, అది తిరిగి 135 నుండి 147 సెంటీమీటర్ల వరకు లేవాలి. అంటే పడేటప్పుడు ఉన్న శక్తిలో సుమారు సగమే దానికి మిగులుతున్నది. తక్కిన సగం ఏమైనట్లు? నేల తగలగానే బంతి నొక్కుకుపోతుంది. ఆ నొక్కులో రబ్బరు వేడెక్కుతుంది. శక్తి ఆ వేడి రూపంలో వ్యర్థమైపోతుంది.

ఇప్పుడు రాకెట్టు తీగెలను తీసుకోండి. వీటి స్వభావం రబ్బరుకు భిన్నం. బంతి వచ్చి తగిలినప్పుడు ఇవి లోపలికి సాగి, తాము పుచ్చుకున్న శక్తిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా తిరిగి ఇచ్చివేస్తాయి. కనుక దెబ్బ తగిలిన క్షణంలో బంతి ఎక్కువ నొక్కుకుంటే నష్టం ఎక్కువ; తీగెలు ఎక్కువ సాగితే నష్టం తక్కువ. తీగెలు మరీ బిగువుగా ఉంటే అవి గోడతో సమానం. బంతే నలగాలి, బంతే నష్టపోవాలి. కొంచెం వదులుగా ఉంటే సాగే పనిని తీగెలు తమమీద వేసుకుంటాయి. బంతి ఎక్కువ వేగంతో తిరిగి వెళుతుంది. వదులు తీగెలు వేగాన్ని ఇస్తాయనడానికి కారణం ఇదే.

అయితే గొప్ప ఆటగాళ్ళు తీగెలను అంత గట్టిగా ఎందుకు బిగించుకునేవారు? స్వీడన్ దేశపు బ్యోర్న్ బోర్గ్ తన కొయ్య రాకెట్టుకు సుమారు 80 పౌనుల బిగువు పెట్టించుకునేవాడు. సామాన్యంగా ఆడేవారి బిగువు 50, 60 పౌనుల మధ్య ఉంటుందని జ్ఞాపకం చేసుకుంటే అది ఎంతటిదో తెలుస్తుంది. ఆ బిగువుకు, ఎవరూ ముట్టుకోకుండానే, రాత్రివేళ ఆయన హోటలు గదిలో తీగెలు తెగిపోయేవని చెప్పుకుంటారు.

బోర్గ్ కోరినది వేగం కాదు, అదుపు. వేగం ఆయన భుజంలో, నడుములో, కాళ్ళలో కావలసినంత ఉన్నది. బంతి తీగెలమీద నిలిచే కాలం సెకనును వెయ్యి పాళ్ళు చేస్తే అందులో సుమారు ఐదు పాళ్ళు. బిగువు తగ్గితే ఈ కాలం కొంచెం పెరుగుతుంది. ఆ కొంచెంలోనే రాకెట్టు చేతిలో కదులుతుంది, మెలి తిరుగుతుంది, బంతి వెళ్ళే కోణం మారుతుంది. పది పౌనుల బిగువు తగ్గించినా బంతి వేగంలో వచ్చే తేడా నూటికి ఒకటి, మహా అయితే రెండు పాళ్ళు. వినడానికి ఇది ఏమంత లెక్కలోనిది కాదు. కాని టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు. ఈ చివర కొట్టిన బంతిని ఆ చివరి గీతకు జానెడు లోపల పడవేయాలని చూసే ఆటగాడికి, ఆ ఒక్క పాలు తేడాతో బంతి గీత దాటిపోవచ్చు. అందుకే బలం ఉన్నవారు బిగువును కోరారు. బలం లేనివారు వారిని చూసి బిగువును కోరితే, ఉన్న కొంచెం వేగమూ పోగొట్టుకుంటారు. గురి సంగతి ఎట్లా ఉన్నా బంతి వల దాటడమే కష్టమవుతుంది.

ఇక చట్రం. తీగెలు సాగి తిరిగి ఇస్తున్నవి కదా, చట్రం వంగి తిరిగి ఇవ్వదా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. ఇది మంచి ప్రశ్నే. దీనికి జవాబు కాలంలో ఉన్నది. బంతి దెబ్బకు చట్రం వెనుకకు వంగుతుంది. కాని అది వంగి, మళ్ళీ ముందుకు వచ్చేలోగా బంతి తీగెలను వదిలి వెళ్ళిపోతుంది. చట్రం ఆలస్యంగా ఇచ్చే శక్తిని అందుకోవడానికి అక్కడ బంతి ఉండదు. ఆ శక్తి చట్రంలోనే ప్రకంపనమై చేతికి ఎక్కుతుంది. కనుక చట్రం ఎంత బిరుసుగా ఉంటే బంతికి అంత లాభం. పాతకాలపు కొయ్య రాకెట్టు బాగా వంగేది, బంతికి తక్కువ వేగం ఇచ్చేది.

కొయ్య రాకెట్టు చాలాకాలం రాజ్యమేలింది. 1877లో మొదటి వింబుల్డన్ పోటీలు జరిగిననాటి నుండి వంద సంవత్సరాలకు పైగా దానిదే పెద్దరికం. ఒకే చెక్కను వంచి చేసిన చట్రాలు పోయి, పలుచని పొరలను జిగురుతో అతికించిన చట్రాలు వచ్చాయి. వాటిలో బలం పెరిగినా కొయ్య గుణం పోలేదు. వానకాలపు చెమ్మకు వంకర తిరిగేవి. ఆట ముగియగానే నాలుగు మరలు గల బిగింపు చట్రంలో రాకెట్టును పెట్టి దాచవలసి వచ్చేది. బరువు పదమూడు, పద్నాలుగు ఔన్సులు. కొట్టే తలం 65, 70 చదరపు అంగుళాలకు మించేది కాదు. మన దేశపు రామనాథన్ కృష్ణన్ 1960లోనూ, 1961లోనూ వరుసగా వింబుల్డన్ సెమీ ఫైనల్సుకు చేరింది ఇటువంటి కొయ్య రాకెట్టుతోనే. ఆయన ఆట బాహుబలం మీద కాక, బంతిని కోరినచోట నెమ్మదిగా ఉంచే నేర్పు మీద ఆధారపడి ఉండేది. చిన్న తలం, వంగే చట్రం గల రాకెట్టు ఆ నేర్పునే కోరుతుంది. బంతిని నడిమధ్యన తీసుకోగల వారికే అది లొంగుతుంది.

మధ్యన తగలకపోతే ఏమవుతుందో చూద్దాం. బంతి ఒక పక్కకు తగిలిందంటే రాకెట్టు పిడి చుట్టూ మెలి తిరుగుతుంది. శక్తి అంతా ఆ మెలికలో పోతుంది. బంతి ఎటో పోతుంది. అమెరికాలో హోవర్డ్ హెడ్ అనే ఇంజనీరుకు ఈ బాధ బాగా అనుభవమైంది. ఆయన తొలుత విమానాల కర్మాగారంలో పనిచేసి, తరువాత మంచు మీద జారడానికి లోహపు స్కీలు తయారుచేసి ధనం గడించినవాడు. ఆ వ్యాపారం అమ్మివేసి తీరికగా టెన్నిస్ మొదలుపెట్టాడు. ఎంత సాధన చేసినా ఆట పట్టుబడలేదు. రాకెట్టు చేతిలో తిరిగిపోతున్నది. లోపం తన చేతిలోనే ఉన్నదని ఊరుకోక, రాకెట్టు ఎందుకు తిరుగుతున్నదో ఇంజనీరుగా ఆలోచించాడు.

ఆయన పట్టుకున్న సూత్రం మనకు కొత్తది కాదు. తాడు మీద నడిచే గారడీవాడు చేతిలో పొడవైన కర్ర అడ్డంగా పట్టుకుంటాడు. భుజాన కావడి వేసుకున్నవాడు గిరుక్కున వెనుకకు తిరగలేడు. బరువు నడుమనుండి ఎంత దూరంగా ఉంటే, తిప్పడం అంత కష్టం. పైగా ఈ కష్టం దూరానికి సమంగా పెరగదు; దూరపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. రాకెట్టు తల వెడల్పు నాలుగింట ఒక వంతు పెంచితే, బరువు పెంచకపోయినా, మెలికను ఎదిరించే గుణం సగానికి పైగా పెరుగుతుంది. హెడ్ రాకెట్టు తలను 110 చదరపు అంగుళాలకు పెంచాడు. 1976లో దానికి పేటెంటు పొందాడు. ఆ పెద్ద తల రాకెట్టును చూసి మొదట చాలామంది నవ్వారు. 1978లో పామ్ ష్రైవర్ అనే పదహారేళ్ళ బాలిక ఆ రాకెట్టుతోనే అమెరికా ఓపెన్ పోటీలలో ఫైనల్సు వరకు వెళ్ళింది. అటు తరువాత నవ్వినవారు తగ్గిపోయారు.

చట్రపు పదార్థం కూడా ఆ కాలంలోనే మారిపోయింది. ఉక్కు రాకెట్టుతో జిమ్మీ కానర్స్ 1974లో వింబుల్డన్ గెలిచాడు. కొయ్య రాకెట్టుతో వింబుల్డన్ పురుషుల సింగిల్స్ గెలిచిన చివరివాడు జాన్ మెకన్రో, అది 1981లో. రెండేళ్ళకే ఆయన కూడా గ్రాఫైటుకు మారాడు. సన్నని కర్బన తంతువులను జిగురులో ముంచి, పొరలు పొరలుగా చుట్టి, మూసలో కాల్చి చేసే పదార్థం ఈ గ్రాఫైటు. కొయ్యకంటె తేలిక, కొయ్యకంటె ఎన్నో రెట్లు బిరుసు. 1991లో బోర్గ్, చాలాకాలం విరామం తరువాత, మాంటీ కార్లోలో తిరిగి పోటీకి దిగాడు. చేతిలో పాత కొయ్య రాకెట్టే. జోర్డి అరేసె అనే స్పెయిన్ ఆటగాడు ఆయనను 6–2, 6–3తో ఓడించాడు. విరామం ఒక కారణమే. అయినా పది సంవత్సరాలలో సాధనం ఎంత దూరం నడిచిపోయిందో ఆనాడు చూసినవారికి అర్థమైంది.

చట్రం కథ ఇట్లా ఉండగా తీగెల కథ మరొకటి. ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరంలో వాద్యాలకు తీగెలు తయారుచేసే బాబొలా కుటుంబం 1875 ప్రాంతంలో టెన్నిస్ రాకెట్లకు కూడా తీగెలు చేయడం ప్రారంభించింది. అవి జంతువుల ప్రేగులను మెలిపెట్టి ఆరబెట్టినవి. వాటికే గట్ అని పేరు. తీగె నైలానుదైనా, మరొకటైనా, ఈనాటికీ ఆ పనిని మనవారు గట్టింగు అనే పిలుస్తున్నారు. అసలు గట్‌కు సాగే గుణం, తిరిగి ఇచ్చే గుణం రెండూ ఎక్కువ. చేతికి హాయిగా ఉంటుంది. కాని ఖరీదు హెచ్చు, చెమ్మ పడదు. నైలాను చవుక, మన్నిక. పాలియెస్టరు అన్నిటికంటె బిరుసు.

1977లో తీగెల మూలంగా టెన్నిస్ లోకంలో ఒక పెద్ద అలజడి చెలరేగింది. జర్మనీకి చెందిన వెర్నర్ ఫిషర్ అనే ఆయన ఒక విచిత్రమైన అల్లికను కనిపెట్టాడు. నిలువు తీగెలు అడ్డ తీగెలతో అల్లుకోవు. రెండు వరుసలుగా విడిగా ఉండి, బంతి తగలగానే పక్కకు జారి, వెంటనే వెనుకకు వచ్చి, బంతిని విపరీతంగా త్రిప్పివేస్తాయి. దానికి స్పఘెట్టి రాకెట్టు అనే వెక్కిరింపు పేరు వచ్చింది. ఆ సంవత్సరం అక్టోబరులో ఫ్రాన్సులోని ఎక్స్ ఆన్ ప్రోవాన్స్‌లో ఇలీ నాస్టాసె ఆ రాకెట్టుతో గియెర్మో విలాస్‌ను ఎదుర్కొన్నాడు. మట్టి కోర్టుమీద విలాస్ అప్పటికి వరుసగా 53 ఆటలు గెలిచి ఉన్నాడు. బంతి ఎక్కడ పడుతుందో, పడి ఎటు లేస్తుందో ఆయనకు తెలియలేదు. రెండు సెట్లు పోగొట్టుకుని, మూడవ సెట్టు ఆడకుండానే విరమించుకున్నాడు. అంతర్జాతీయ సమాఖ్య ఆ రాకెట్టును వెంటనే ఆపివేసింది. విశేషమేమంటే, రాకెట్టు ఎట్లా ఉండాలో చెప్పే సూత్రం అంతవరకు టెన్నిస్ నిబంధనలలో లేనే లేదు. 1978లో మొదటిసారిగా ఆ సూత్రం చేరింది. తీగెలు ఒకదానితో ఒకటి అల్లుకొని, అల్లిక అంతటా ఒకే తీరుగా ఉండాలని అందులో ఉన్నది. ఇప్పటి నిబంధన ప్రకారం రాకెట్టు పొడవు 73.7 సెంటీమీటర్లు దాటరాదు.

ఇరవై సంవత్సరాల తరువాత అదే గుణం, నిబంధనకు లోబడి, మరొక ద్వారం గుండా వచ్చింది. 1997లో ఫ్రెంచి ఓపెన్‌లో బ్రెజిల్ యువకుడు గుస్టావో కుయెర్టెన్ పాలియెస్టరు తీగెలతో ఆడి విజేత అయ్యాడు. అప్పటికి ప్రపంచ క్రమంలో ఆయనది 66వ స్థానం. పాలియెస్టరు నున్నగా, బిరుసుగా ఉంటుంది. అల్లిక మామూలుదే అయినా నిలువు తీగెలు కొంచెం జారి చటుక్కున తమ స్థానానికి వస్తాయి. బంతికి తిరుగుడు ఎక్కువ అవుతుంది. ఎంత బలంగా కొట్టినా, ఆ తిరుగుడు వలన బంతి వంపు తిరిగి గీత లోపలే దిగుతుంది. క్రమంగా వృత్తి ఆటగాళ్ళలో చాలామంది ఆ తీగెలకు మారారు.

ఇక్కడే మన ఇళ్ళలోని పిల్లల సంగతి వస్తున్నది. బిరుసైన గ్రాఫైటు చట్రం, బిరుసైన పాలియెస్టరు తీగె, దానిమీద గట్టి బిగువు, ఈ మూడూ కలిస్తే దెబ్బ తాలూకు అదురు తక్కువ కాలంలో ఎక్కువ తీవ్రతతో చేతికి వస్తుంది. బంతి సరిగ్గా మధ్యన తగిలితే అదురు స్వల్పమే. నేర్చుకునేవారికి పది దెబ్బలలో ఎన్ని మధ్యన తగులుతాయి? పక్కకు తగిలిన ప్రతిసారీ మణికట్టు బిగించి రాకెట్టును ఆపవలసినది వారే. మోచేతి వెలుపలి వైపున ఉండే కండరాల మొదళ్ళు దీనివలన అలసి, చిట్లి, నొప్పి పుట్టిస్తాయి. తప్పుడు పద్ధతిలో కొట్టడం, అతిగా ఆడడం కూడా ఈ నొప్పికి ముఖ్య కారణాలే. కాని చేతిలోని సాధనం దాన్ని పెంచగలదు, తగ్గించగలదు. తీగెల నడుమ కొందరు చిన్న రబ్బరు బిళ్ళ పెట్టుకుంటారు. అది తీగెల మోతను మాత్రమే ఆపుతుంది. చేతిని బాధించే చట్రపు అదురును అది ఆపలేదు.

వృత్తి ఆటగాడి పరిస్థితి వేరు. ఆయన తీగెలను ప్రతి ఆటకూ కొత్తవి వేయిస్తాడు. మన పిల్లవాడు తెగేదాకా ఆడతాడు. పాలియెస్టరు తెగదు గాని త్వరగా చచ్చిపోతుంది. బిగువు తగ్గిపోతుంది, జారి తిరిగి వచ్చే గుణం పోతుంది, బిరుసుదనం మాత్రం మిగులుతుంది.

అసలు ఏ తీగె అయినా బిగించిన క్షణం నుండి సడలడం ప్రారంభిస్తుంది. మొదటి రోజులోనే నూటికి పది పాళ్ళ వరకు పోవడం కద్దు. ఎండలో నిలిపిన కారులో వదిలితే ఇంకా త్వరగా పోతుంది. దీన్ని కనిపెట్టడానికి సంగీతం తెలిసిన ఇంటివారికి యంత్రమేమీ అక్కరలేదు. గట్టింగు చేయించిన రోజున తీగెలమీద చిన్న కర్రతో తట్టి, ఆ నాదం ఏ స్థాయిలో ఉన్నదో హార్మోనియంతో గాని, శ్రుతిపెట్టెతో గాని పోల్చి గుర్తుంచుకోండి. బిగువు నూటికి పది, పదకొండు పాళ్ళు తగ్గితే నాదం దాదాపు ఒక స్వరస్థానం దిగుతుంది. అంతకు మించి దిగిందంటే కొత్త తీగెలు వేయించే సమయం వచ్చినట్లే. వారానికి ఎన్నిసార్లు ఆడతారో సంవత్సరానికి అన్నిసార్లు గట్టింగు చేయించాలని ఆటగాళ్ళలో ఒక వాడుక లెక్క కూడా ఉన్నది.

రాకెట్టు కొనబోయేటప్పుడు గమనించవలసినవి కొన్నే. చట్రం మీద, లోపలి అంచున గాని, మెడ దగ్గర గాని, బిగువు ఎన్ని పౌనుల నుండి ఎన్ని పౌనుల వరకు ఉండవచ్చో అచ్చు వేసి ఉంటుంది. నేర్చుకునేవారు అందులో క్రింది అంకెకు దగ్గరగా పెట్టించుకోవడం మంచిది. వేగమూ దక్కుతుంది, చెయ్యీ బాగుంటుంది. బంతి తరచు గీత దాటిపోతున్నట్లయితే అప్పుడు ఒకటి రెండు పౌనులు పెంచి చూడవచ్చు. తల పెద్దదైతే తీగెల పొడవు ఎక్కువ కనుక, అదే అంకె దగ్గర అది మెత్తగా ఉంటుంది. చిన్న తల రాకెట్టు అంకెను దీనికి వర్తింపజేయకూడదు. తీగె నైలాను రకాలలో మెత్తనిదైతే చాలు. పదేళ్ళ పిల్లలకు పొట్టి రాకెట్లు ప్రత్యేకంగా దొరుకుతాయి. పెద్దదే కొంటే పెరిగాక పనికివస్తుందని ఆలోచించవద్దు. మరీ తేలికైన రాకెట్టు చేతికి సుఖమనుకోవడం కూడా సరికాదు. కొంచెం బరువున్న రాకెట్టు దెబ్బ అదురును తానే కొంత భరిస్తుంది. పిడి లావు పిల్లవాడి గుప్పిటకు సరిపోవాలి. సరిపోని పిడిని బిగించి పట్టుకోవడంలోనే సగం అలసట ఉన్నది.

ఏ విజేత పేరు రాకెట్టు మీద ఉన్నదో చూసి కొనడం సహజమే. కాని ఆ పేరుగల ఆటగాడు రోజుకు అయిదారు గంటలు సాధన చేసినవాడు. ఆయన తీగెల బిగువు ఆయన భుజానికి సరిపోయే లెక్క. గట్టింగు చేసే అతని దగ్గరకు వెళ్ళినప్పుడు "బాగా బిగించు" అనడానికి బదులు, చట్రం మీది అంకె చూసి, పౌనులు చెప్పి, ఆ అంకెను ఇంటివద్ద ఒక కాగితం మీద వ్రాసి ఉంచండి. తరువాతిసారి పెంచాలో, తగ్గించాలో పిల్లవాడి ఆటను బట్టి, వాడి చెయ్యి చెప్పే మాటను బట్టి నిర్ణయించవచ్చు. నొప్పి కొద్దిరోజులు విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోతే మాత్రం, తీగెలు మార్చి ఊరుకోక వైద్యునికి చూపించడం అవసరం.